ఇంటి పద్దు: గ్యాసు తింటున్నది పొయ్యేనా?

పోయిన సంచిక మీ చేతికందిన వారానికి, ఈ శీర్షిక పేరుమీద సంఘం ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ హోసూరు తెలుగావిడ. కొడుకు ఉద్యోగం బెంగుళూరులో కావడంతో ఏడాదిగా కొడుకూ, కోడలూ, మనవడితో అక్కడే అద్దె ఇంట్లో ఉంటున్నారు. నాలుగు పేజీల ఉత్తరంలో మూడున్నర పేజీలు కోడలి మీదే. హోసూరులో నలుగురికీ వండి వార్చినా సిలిండరు 45 రోజులు వచ్చేదిట. ఈ ఇంటికి వచ్చాక 25 రోజులే వస్తోందిట. దీపావళి దాటాక 21 రోజులు కూడా దాటడం లేదుట. "పొయ్యి సన్నం చేయడం ఎరగదు, కుక్కరు కూతలు పెడుతుంటే ఫోను చూసుకుంటూ నిలబడుతుంది. ఆ పిల్లకు తగిలేట్టు పొదుపు గురించి నాలుగు మాటలు మీ శీర్షికలో రాయండి, నా పేరు మాత్రం వేయకండి" అని కోరారు. చివర, సంతకానికి పైన, ఇంకో వాక్యం ఇరికించారు: "పైగా తలంటుకున్న రోజల్లా తలనొప్పని పడుకుంటుంది, పని తప్పించుకోడానికి."

ఆ వాక్యం చదివాక నాకు పొదుపు మాట మనసులోంచి పోయింది. ఉత్తరంలో ఫోను నంబరు ఉండటం మంచిదైంది. ఫోను చేసి ఒక్కటే అడిగాను: "వదినగారూ, స్నానానికి నీళ్ళు దేనిమీద కాస్తున్నారు?"

గ్యాసు గీజరు. ఇంటితోపాటే ఉన్నది. బాత్‌రూము లోపల, తలుపు పక్క గోడకు. గాలికి పైన జానెడు కిటికీ ఉందిగానీ, చలిగాలి కొడుతోందని నవంబరులో దానికి అట్టముక్క అడ్డం పెట్టారు. గ్యాసు వంటింటి సిలిండరు నుంచే, రెగ్యులేటరు దగ్గర టీ-జాయింటు వేసి గొట్టం లాగారు. మొదట ఆ అట్టముక్క తీసేయమన్నాను. మెకానిక్ వచ్చి చూసేదాకా గీజరు ముట్టుకోవద్దనీ, పొయ్యిమీద కాచుకుని పోసుకోమనీ చెప్పాను. గ్యాసు ఇంకా ఎక్కువ అవుతుందేమోనని ఆవిడ బెంగ. కానివ్వండి అన్నాను.

ఆవిడ అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. పేరు వేయలేదు, మాట నిలబెట్టుకున్నాను.

ఇప్పుడు పద్దు చూద్దాం. సిలిండరు ధర నెలనెలకూ, ఊరూరికీ మారుతుంది కనుక రూపాయల్లో కాకుండా గ్రాముల్లో లెక్క వేస్తాను. ఇంటి సిలిండరులో ఉండేది 14.2 కిలోల గ్యాసు. అది 45 రోజులు వచ్చిందంటే రోజుకు 315 గ్రాములు. అది వంట ఖర్చు. అదే సిలిండరు 25 రోజుల్లో అయిపోతే రోజుకు 568 గ్రాములు. అంటే వంట మీద మరో 250 గ్రాములు ఎక్కడికో పోతున్నాయి. ఒక బకెట్, అంటే 20 లీటర్ల నీళ్ళు, బెంగుళూరు చలికాలపు చన్నీళ్ళ నుంచి స్నానానికి సరిపడేదాకా 20 డిగ్రీలు వేడెక్కాలంటే, చక్కగా పనిచేసే గీజరుకు సుమారు 45 గ్రాముల గ్యాసు పడుతుంది. నలుగురి స్నానాలు, పసివాడికి రెండో పూట, వారానికి రెండు తలంట్లు, అన్నీ కలిపి సగటున రోజుకు ఐదున్నర బకెట్లు. 45 చేత హెచ్చవేస్తే 250కి చాలా దగ్గర. కోడలు పొయ్యి దగ్గర ఎంత ఏమరుపాటుగా ఉన్నా రోజుకు పావుకిలో గ్యాసు తగలేయలేదు. అది వేణ్ణీళ్ళ ఖర్చు.

మన ఇళ్ళలో వేణ్ణీళ్ళ లెక్క ఎవరూ రాయరు. పాలు, పెరుగు, పూలు, ఇస్త్రీ, అన్నిటికీ పద్దు ఉంటుంది; వేణ్ణీళ్ళు మాత్రం వాటంతటవే వచ్చినట్టు ఉంటాయి. నిజానికి నాలుగు స్నానాల గ్యాసు ఒక పూట వంటకు మించి ఉంటుంది. ఇంక షవరు కింద నిలబడే పిల్లలుంటే చెప్పనక్కరలేదు. నిమిషానికి ఆరు లీటర్ల గీజరు కింద పది నిమిషాలు నిలబడితే మూడు బకెట్లు.

అంతవరకు వాడకం. అసలు చిక్కు తరవాతిది. 25 రోజులు 21కి దిగడం. అంటే రోజుకు 568 కాస్తా 676 గ్రాములైంది. మనుషులు వాళ్ళే, బకెట్లు అవే, మరి ఈ 110 గ్రాములు ఎవరు తింటున్నారు? కొంత చలిది, ఒప్పుకుంటాను. డిసెంబరులో ట్యాంకు నీళ్ళు మరో నాలుగు డిగ్రీలు చల్లబడతాయి, అదనంగా యాభై, అరవై గ్రాములు అలా పోతాయి. మిగతా సగం గీజరుది. అది చెడుతోంది.

గ్యాసు గీజరు ఎలా చెడుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనిలో డబ్బూ ప్రాణమూ రెండూ ఒకే చోట ముడిపడి ఉన్నాయి. లోపల రాగి గొట్టం చుట్టలు చుట్టుకుని, దానిచుట్టూ పలచని రాగి రెక్కలు ఉంటాయి. కింద మంట, గొట్టంలో నీళ్ళు. మంట వేడి రెక్కల ద్వారా నీళ్ళకు చేరుతుంది. బోరు నీళ్ళూ, ట్యాంకరు నీళ్ళూ వాడే పేటల్లో ఉప్పునీళ్ళ సున్నం గొట్టం లోపల పేరుకుంటుంది. పాత ఇత్తడి బిందె అడుగున తెల్లగా కట్టేదే ఇదీను. నీళ్ళు ఎంత సలసల కాగితే అంత వేగంగా కడుతుంది. మరోవైపు మంట వచ్చే చిన్న రంధ్రాల్లో దుమ్మూ, సాలెగూడూ చేరి గాలి సరిగా కలవక మంట నీలం పోయి పసుపు తిరుగుతుంది. పసుపు మంట మసి కడుతుంది. ఆ మసి రెక్కల సందుల్లో నిండుతుంది. లోపల సున్నం, బయట మసి. నీళ్ళకు అందాల్సిన వేడి పైకి పోతుంది. నీళ్ళు సరిగా కాగడం లేదని మనం మంట పెంచుతాం, కుళాయి ఎక్కువసేపు తిప్పి ఉంచుతాం. సిలిండరు నాలుగు రోజులు ముందే అయిపోతుంది.

అదే పసుపు మంట, అదే మూసుకుపోయిన రెక్కలు, ఇంకో పని కూడా చేస్తాయి. గాలి చాలక సగం కాలిన గ్యాసులోంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దని మన పెద్దవాళ్ళు చెప్పేది దీనిగురించే. రంగు లేదు, వాసన లేదు. "గ్యాసు వాసన ఏమీ రాలేదండీ" అని మా వదినగారు కూడా అన్నారు. సిలిండరులో గ్యాసుకు ఆ వాసన సహజంగా లేదు. లీకయితే తెలియాలని ఘాటు పదార్థం కలుపుతారు. మంటలో కాలాక అది ఉండదు. కనుక వాసన రాలేదంటే లీకు లేదని మాత్రమే అర్థం, విషం లేదని కాదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి ప్రాణవాయువు కన్నా ఈ వాయువు రెండువందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. తరవాత కాళ్ళు మాటవినవు. తలుపు గడియ తీయాలని తెలిసినా చెయ్యి లేవదు. స్నానాల గదిలో పడిపోయి, కొట్టుకుని, మూర్ఛ రోగమని ఏళ్ళ తరబడి మందులు మింగినవాళ్ళు కూడా ఉన్నారు. మన దేశపు నరాల వైద్యులు దీనికి 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అని పేరే పెట్టారు. ప్రతి చలికాలం పత్రికల్లో ఇలాంటి వార్త ఒకటైనా కనిపిస్తుంది, చాలాసార్లు అద్దె ఇల్లే, చాలాసార్లు కొత్తగా పెళ్ళయిన జంటో, చిన్నపిల్లల తల్లో.

గది ఎంత చిన్నదో చూడండి. ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు బాత్‌రూములో ఉండే గాలి దాదాపు 8 ఘనపు మీటర్లు. కిలో గ్యాసు పూర్తిగా కాలడానికి 12 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. పూర్తి మంటమీద గీజరు నిమిషానికి సుమారు 15 గ్రాములు కాలుస్తుంది. పది నిమిషాల స్నానానికి 150 గ్రాములు, అంటే దాదాపు రెండు ఘనపు మీటర్ల గాలి. కిటికీ మూసి, తలుపు వేసుకుంటే గదిలోని ప్రాణవాయువులో నాలుగో వంతు మనకన్నా ముందు మంటే తాగేస్తుంది. తలంటు రోజున ఆడవాళ్ళు ఎక్కువసేపు ఉంటారు. ఆ అమ్మాయి తలనొప్పి తలంటు రోజునే ఎందుకు వచ్చిందో వేరే చెప్పాలా?

పాతకాలంలో ఇంత చిక్కు లేదు. మన పెరట్లో కాగు ఉండేది. కన్నడ ఇళ్ళలో హండె, మహారాష్ట్రలో రాగి బంబు, తమిళనాట మధ్యలో నిప్పుగొట్టం ఉన్న రాగి బాయిలరు. పొగ కళ్ళు మండించేది కనుక మంటకు పెరడో, పొగగొట్టమో తప్పనిసరిగా చూసేవారు. ఒకచోట కాచి, ఇంకోచోట తొరుపుకుని పోసుకునేవారు. ఇప్పుడు పొగ కనపడదు కనుక మంటను స్నానాల గదిలోకే తెచ్చి పక్కన నిలబెట్టుకున్నాం. యానాం పాఠకులు, "మా ఊరి ఎండకు వేణ్ణీళ్ళేమిటండీ" అని నవ్వుకోవచ్చు. కానీ మీ పిల్లలు ఉద్యోగాలకు అద్దెకు ఉంటున్నది బెంగుళూరులోనో పుణెలోనో కదా, ఈ పేజీ వాళ్ళకు పంపండి.

మెకానిక్ మర్నాడు వచ్చాడు. పైరేకు విప్పితే రెక్కలన్నీ నల్లగా ఉన్నాయిట. మంట సగం పసుపు. శుభ్రం చేసి ఇస్తానన్నాడుగానీ, తిరిగి బాత్‌రూము లోపలే బిగించనని కచ్చితంగా చెప్పాడుట. అలాంటి మెకానిక్కులు అరుదు. టీ-జాయింటు తీసేయమన్నాడు. తన బిల్లు మీదే "లోపల పెట్టడం అపాయం" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ రెండు ముక్కలే తరవాత పనికొచ్చాయి.

ఓనరుగారు పై అంతస్తులో ఉంటారు. చెడ్డవారేం కాదు, ఉగాదికి ఒబ్బట్లు పంపేవారే. అయినా మొదట అన్నది ఇది: "మీకన్నా ముందు ఇద్దరు ఉన్నారు, ఎవరూ ఏమనలేదు. రిపేర్లు మీవే అని అగ్రిమెంటులో ఉంది."

అగ్రిమెంటులో ఉన్న మాట నిజమే. బెంగుళూరులో పది నెలల అడ్వాన్సు ఇచ్చి పదకొండు నెలల కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మనం చూసేది అద్దె, అడ్వాన్సు, సున్నం ఖర్చు మూడే. గీజరు మాట ఎవరు చూస్తారు? ఇంకో మాట కూడా తెలుసుకోండి, ఇది చాలామందికి తెలియదు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఏ మరమ్మతు ఎవరిదో ఒక పట్టిక ఉంది. గోడలు, కప్పు లాంటి కట్టడపు పనులు, గొట్టాలు మార్చడం, ఇంటి వైరింగు, ఇవి యజమానివి. కుళాయి వాషర్లు, కాలవ శుభ్రం, స్విచ్చులు, వాటితోపాటు గీజరు మరమ్మతు, ఇవి అద్దెకున్నవారివి. కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప అంతే. అది నమూనా కనుక ఏ రాష్ట్రానికారాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలు. తమిళనాడు 2017లో చేసుకున్న చట్టంలో కూడా పట్టిక ఇదే తరహాలో ఉంది. యజమాని తన వంతు మరమ్మతు చేయకపోతే అద్దెకున్నవారు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చనీ, ఏ నెలలోనూ అద్దెలో సగానికి మించకూడదనీ ఆ నమూనా చట్టం చెబుతుంది. కానీ గీజరు మన వంతులోనే ఉంటే ఆ దారి మూసినట్టే.

నా మట్టుకు నాకు ఈ పంపకం సగమే సబబు. ఏడాదికోసారి మసి తీయించడం, సున్నం కడిగించడం, బ్యాటరీలు మార్చడం, ఇవి వాడుకునేవాళ్ళు చేయించుకోవాలి, ఇంటాయన్ని అడగడం మర్యాద కాదు. కానీ గాలి ఆడని గదిలో గీజరు బిగించి ఇవ్వడం మరమ్మతు లోపం కాదు, ఇంటి లోపం. గోడకు కన్నం పెట్టి పొగగొట్టం బయటికి తీయాలన్నా, గీజరును వెనక యుటిలిటీలోకి మార్చి గొట్టాలు తిప్పాలన్నా అది కట్టడానికి సంబంధించిన పని. అద్దెకున్నవాడు మేకు కొడితేనే ఒప్పుకోని ఇంట్లో గోడకు కన్నం ఎలా పెడతాడు? ఓనరుగారితో ఈ తేడా చెప్పమన్నాను. బిల్లు ఎక్కువవుతోందని కాకుండా, మెకానిక్ రాసిన కాగితం చేతిలో పెట్టి, "మీ ఇంట్లో ఏదైనా జరిగితే మీకూ మాకూ తలకాయ నొప్పే కదండీ" అని చెప్పమన్నాను. అబ్బాయి అలాగే కన్నడంలో నెమ్మదిగా చెప్పాడుట. గ్యాసు ఖర్చు మాట ఎత్తితే ఆయనకు పట్టదు, ఎందుకు పట్టాలి? ప్రాణం మాటకు మాత్రం దిగివచ్చారు.

చివరకు కుదిరింది ఇది. పాత గీజరు ఓనరు తీసేశారు. 16 యాంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగుతో కొత్త వైరు ఆయన ఖర్చుమీద వేయించారు. 15 లీటర్ల కరెంటు గీజరు అబ్బాయి కొన్నాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తనతో తీసుకుపోతాడు. ఈ మూడు ముక్కలూ అగ్రిమెంటు వెనక రాసి ఇద్దరూ సంతకం చేశారు. మేడమీద సోలార్ ఉంది కదా, దాన్నుంచి ఒక గొట్టం కిందికి ఇమ్మని అడిగితే మాత్రం ఆయన నవ్వి ఊరుకున్నారుట. బెంగుళూరులో చాలా ఇళ్ళ సంగతి ఇంతే, ఎండ పై అంతస్తుకే.

గ్యాసు, కరెంటు ఏది చవక అని అడిగేవారికి ఒక సులువు. ఒక సిలిండరుకు, మంచి గీజరయితే, సుమారు 315 బకెట్లు కాగుతాయి. మీ సిలిండరు ధరను 315 చేత భాగించండి, బకెట్ ఖరీదు వస్తుంది. కరెంటయితే బకెట్‌కు దాదాపు అర యూనిట్టు. మీ యూనిట్టు ధరలో సగం పక్కన రాసుకుని పోల్చుకోండి. ఊరిని బట్టి జవాబు మారుతుంది. కరెంటు గీజరులోనూ సున్నం కడుతుందిగానీ, కడ్డీ నీళ్ళ మధ్యనే ఉంటుంది కనుక వేడి మరోచోటికి పోదు. కడ్డీ త్వరగా కాలిపోతుంది, అంతే. రోజంతా స్విచ్చి వేసి ఉంచితే మాత్రం వృథా.

గ్యాసు గీజరే ఉంచుకోక తప్పని వారికి: గీజరు స్నానాల గది బయట, గాలాడే చోట ఉండాలి, పొగగొట్టం ఆరుబయటికి పోవాలి. అది కుదిరేదాకా తలుపు తెరిచి బకెట్ నింపుకుని, గీజరు ఆపి, గది గాలి మారాక లోపలికి వెళ్ళండి. మంట నీలంగా ఉందో లేదో వారానికోసారి చూడండి. నీళ్ళు పొగలు కక్కేట్టు కాచి చన్నీళ్ళు తొరపడం కన్నా, పోసుకునే వేడికే మంట సర్దుకోండి, సున్నం తక్కువ కడుతుంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెత సంసారానికి చెప్పింది, గీజరుకు కాదు. బజారులో దొరికే గ్యాసు లీకు గంట ఈ విషవాయువును పట్టదు. దానికి వేరే కార్బన్ మోనాక్సైడ్ గంట ఉంది, కొనేటప్పుడు పెట్టెమీద చూసి కొనండి.

లోపలికి వెళ్ళినవాళ్ళు పిలిస్తే పలక్కపోతే తలుపు పగలగొట్టడానికి ఆలోచించకండి. ముందు గ్యాసు కట్టేసి, మనిషిని బయటి గాలికి తెచ్చి, ఆసుపత్రికి తీసుకుపోండి. గ్యాసు గీజరని డాక్టరుకు మీరే చెప్పండి, రక్తపరీక్ష వేరే ఉంది. 2020 కరోనాలో కొన్న వేలి ఆక్సీమీటరు పెట్టి 98 ఉంది కదా అని ఇంట్లో పడుకోబెట్టకండి. ఆ పరికరానికి ఈ విషవాయువుకూ ప్రాణవాయువుకూ తేడా తెలియదు, నిండుగానే చూపిస్తుంది. సిలిండరు లీకయితే రాత్రీ పగలూ పలికే నంబరు 1906.

ముంబయి, పుణె పాఠకులు సిలిండరు లెక్క మాకెందుకంటారేమో. గొట్టపు గ్యాసు బిల్లులో ఘనపు మీటర్లు ఉంటాయి. 17, 18 ఘనపు మీటర్లు ఒక సిలిండరుతో సమానం, కనుక పై పద్దు మీకూ పనికొస్తుంది. బిల్లు హఠాత్తుగా పెరిగితే రాత్రి పడుకునే ముందు అన్ని మీటలూ కట్టేసి, మీటరు అంకె చివరి ఎర్ర గళ్ళతో సహా రాసుకోండి. పొద్దున్నే పొయ్యి వెలిగించక ముందు మళ్ళీ చూడండి. కదిలితే లీకు, వెంటనే కంపెనీకి ఫోను. కదలకపోతే వాడకమో, గీజరో. అద్దె ఇంట్లో దిగిన రోజే మీటరు ఫొటో తీసి ఓనరుకు పంపండి. కనెక్షను తరచు ఆయన పేరునే ఉంటుంది, పాత కాపురస్తుల బాకీ మీ నెత్తిన పడకుండా ఉంటుంది. మనిషి వచ్చి చూడకుండా అంచనా మీద వేసిన బిల్లు అయితే తరవాతి బిల్లులో ఒకేసారి బరువు పడుతుంది, అదీ చూసుకోండి.

మా వదినగారి రెండో ఉత్తరం మొన్న వచ్చింది. ఈసారి ఒక పేజీయే. సిలిండరు 44 రోజులు వచ్చిందిట. కోడలి తలనొప్పి మాట ఒక వాక్యంలో, "ఇప్పుడు లేదు" అని. కరెంటు బిల్లులో నెలకు 80 యూనిట్ల దాకా పెరిగిందని రాశారు; దానికి కారణం ఎవరో మాత్రం ఈసారి రాయలేదు. పప్పు నానబెట్టుకోవడం, గిన్నెకు మూత పెట్టడం, కుక్కరులో ఆవిరి కట్టాక మంట సన్నం చేయడం, ఆవిడ మొదట అడిగిన ఈ పొదుపు మాటలు ఇవిగో, ఆవిడ కోసం వేశాను.

మీ ఇళ్ళ లెక్కలు కూడా పంపండి. సిలిండరు పెట్టిన తేదీ, అయిపోయిన తేదీ, ఇంట్లో ఎంతమంది, నీళ్ళు దేనిమీద కాస్తారు, ఈ నాలుగూ ఒక కార్డు మీద రాస్తే చాలు. ఎవరు ఖర్చు చేస్తున్నారో రాయనక్కరలేదు.